ఎన్.బి.ఏ. శ్రామిక వివాదాలు

ఎన్.బి.ఏ. శ్రామిక వివాదాలు అనగా ఉత్తర అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ లీగు అయిన నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌లో ఆటగాళ్ళకూ జట్ల యజమానులకూ మధ్య జీతాలు, పింఛను, జట్టు మారే స్వేచ్ఛ, ఆదాయంలో వాటా వంటి విషయాలపై జరిగిన వివాదాలు. 1954లో ఆటగాళ్ళ సంఘము ఏర్పడిన నాటి నుండి ఇవి ఏదో ఒక రూపంలో సాగుతూ వచ్చాయి. లీగు చరిత్రలో నాలుగు పర్యాయాలు (1995, 1996, 1998–99, 2011) యజమానులు లాకౌటు ప్రకటించారు. వీటిలో చివరి రెండింటి వలన మొత్తం 704 ఆటలు జరగకుండా పోయాయి. జీతభత్యాల కోసం ఆటగాళ్ళు చేసిన సమ్మె వలన మాత్రం ఇంతవరకు ఒక్క సాధారణ సీజన్ ఆట కూడా ఆగలేదు.

లాకౌటు అనే మాట మిల్లులు, కర్మాగారాల వార్తల ద్వారా తెలుగు పాఠకులకు పరిచితమే. అక్కడ వలెనే ఇక్కడ కూడా గేట్లు మూసేది యజమానియే. అయితే కోట్ల డాలర్ల జీతం తీసుకొనేవారికి సంఘమెందుకు, పోరాటమెందుకు అన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. దానికి సమాధానం లీగు నిర్మాణంలోనే ఉన్నది.

లీగు నిర్మాణము, చట్టము

ఎన్.బి.ఏ.లో ప్రతి జట్టూ ఒక ప్రత్యేక వ్యాపార సంస్థ. ప్రస్తుతం ఇటువంటి జట్లు 30 ఉన్నాయి. యజమానులందరూ కలిసి కమిషనర్‌ను నియమించుకొంటారు. చూసేవారికి కమిషనర్ ఆట మొత్తానికి పెద్దగా కనిపించినా, బేరసారాల బల్ల వద్ద ఆయన కూర్చునేది యజమానుల వైపే.

కొత్త ఆటగాడు తనకు నచ్చిన జట్టులో చేరలేడు. డ్రాఫ్ట్ అనే ఎంపిక పద్ధతిలో ఏ జట్టు అతనిని ఎన్నుకుంటే ఆ జట్టుతోనే ఒప్పందం చేసుకోవాలి. జట్టు జీతాల మీద, వ్యక్తిగత జీతం మీద కూడా గరిష్ఠ పరిమితులు ఉన్నాయి. సాధారణ వ్యాపారంలో ఇటువంటి ఏర్పాటు చెల్లదు. ఒకే రంగంలో పోటీపడే సంస్థలన్నీ కూడబలుక్కొని ఉద్యోగుల జీతాలకు పరిమితి విధిస్తే అది 1890 నాటి షెర్మన్ చట్టము, అనగా గుత్తాధిపత్య నిరోధక చట్టము క్రింద నేరమవుతుంది. కానీ అవే నిబంధనలు కార్మిక సంఘంతో చేసుకున్న సామూహిక ఒప్పందంలో భాగమైతే, అమెరికా న్యాయస్థానాలు వాటికి ఆ చట్టం నుండి మినహాయింపు ఇస్తాయి.

దీని ఫలితం కొంత విచిత్రంగా ఉంటుంది. ఇతర పరిశ్రమలలో సంఘం లేకపోతే యజమాని సంతోషిస్తాడు. ఇక్కడ సంఘం లేకపోతే యజమానుల నిబంధనలకు చట్టరక్షణ పోతుంది. అందువలన ఆటగాళ్ళ చేతిలోని అతి పదునైన ఆయుధం సమ్మె కాదు, తమ సంఘాన్ని తామే రద్దు చేసుకొని న్యాయస్థానానికి వెళ్ళడం. 1995లోను, 2011లోను వివాదం ఈ అంశం చుట్టూనే తిరిగింది.

సమ్మె కంటే లాకౌటు ఎక్కువగా కనిపించడానికి మరొక కారణం కాలపట్టిక. ఆటగాళ్ళకు జీతం సాధారణ సీజనుకు మాత్రమే లభిస్తుంది. యజమానులకు పెద్ద ఆదాయం తెచ్చేవి ఏప్రిల్ నుండి జూన్ వరకు జరిగే ప్లేఆఫ్ పోటీలు. ఒప్పందం లేకుండా సీజను మొదలైతే, ఆటగాళ్ళు తమ జీతాలన్నీ అందుకొని సరిగ్గా ప్లేఆఫ్‌ల ముందు సమ్మెకు దిగగలరు. ఆ అవకాశం ఇవ్వకుండా, జూన్ 30న ఒప్పందం ముగిసిన మరుక్షణమే, ఆటలు లేని వేసవిలో, యజమానులు తలుపులు మూస్తారు. శరదృతువు వచ్చి జీతాలు ఆగేసరికి ఒత్తిడి ఆటగాళ్ళ మీద పడుతుంది. వారి వృత్తి జీవితం కొద్ది సంవత్సరాలు మాత్రమే. పోయిన సీజను తిరిగి రాదు. యజమాని మాత్రం మరో ఇరవై ఏళ్ళు జట్టును అట్టే పెట్టుకోగలడు.

సంఘ స్థాపన

1946లో లీగు మొదలైనప్పుడు ఆటగాళ్ళకు పింఛను గాని, కనీస వేతనం గాని, ఆరోగ్య బీమా గాని లేవు. 1954లో బాస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బాబ్ కూజీ ప్రతి జట్టులోని ప్రముఖ ఆటగాడికి లేఖ వ్రాసి సంఘ స్థాపనకు పూనుకొన్నాడు. మూతబడిన బాల్టిమోర్ బులెట్స్ జట్టు ఆటగాళ్ళకు రావలసిన జీతాలు చెల్లించడం, ప్రదర్శన ఆటల సంఖ్యను పరిమితం చేయడం సంఘం తొలి కోరికలలో ఉన్నాయి. వాటితో పాటు, ఆట మధ్యలో రిఫరీ ఆటగాడి చెవిలో చెప్పి విధించే 15 డాలర్ల జరిమానాను రద్దు చేయమని కూడా కోరారు. "గుసగుస జరిమానా" అని పిలువబడిన ఈ శిక్షకు అప్పీలు లేదు. నాటి ఆటగాళ్ళ స్థితి ఎటువంటిదో ఈ చిన్న కోరిక చక్కగా తెలుపుతుంది.

యజమానులు చాలాకాలం ఈ సంఘాన్ని పట్టించుకోలేదు. దేశంలోని పెద్ద కార్మిక సమాఖ్యలో చేరతామని ఆటగాళ్ళు సూచించిన తరువాత, 1957లో లీగు సంఘాన్ని గుర్తించింది.

1964 ఆల్-స్టార్ ఆట

1964 జనవరి 14న బాస్టన్ గార్డెన్‌లో జరిగిన ఆల్-స్టార్ ఆట సంఘ చరిత్రలో మలుపు. పింఛను పథకం గురించి యజమానులు ఏళ్ళ తరబడి వాయిదాలు వేస్తూ వచ్చారు. ఆనాటి ఆట రాత్రి ప్రధాన సమయంలో దేశమంతటా టెలివిజన్‌లో ప్రసారం కావలసి ఉన్నది. లీగుకు అది గొప్ప అవకాశం. ఆటకు కొద్దిసేపటి ముందు, పింఛను విషయమై హామీ ఇస్తే తప్ప మైదానంలోకి రామని ఉభయ జట్ల ఆటగాళ్ళు దుస్తుల గదిలోనే ఉండిపోయారు. అప్పటి సంఘాధ్యక్షుడు సెల్టిక్స్ ఆటగాడు టామ్ హైన్సన్. న్యాయ సలహాదారు ల్యారీ ఫ్లైషర్.

లేకర్స్ జట్టు యజమాని బాబ్ షార్ట్, తన ఆటగాళ్ళయిన ఎల్జిన్ బేలర్, జెర్రీ వెస్ట్‌లు వెంటనే బయటకు రావలెనని కబురు పంపాడు. ఆ బెదిరింపు ఎదురు తిరిగింది. తటపటాయిస్తున్నవారు కూడా దానితో గట్టిపడ్డారు. చివరకు కమిషనర్ వాల్టర్ కెనెడీ గదిలోకి వచ్చి, పింఛను పథకానికి తాను బాధ్యత వహిస్తానని మాట ఇచ్చారు. ఆట కొద్ది నిమిషాల ఆలస్యంగా మొదలై, తూర్పు జట్టు 111–107 తేడాతో గెలిచింది. ఆస్కార్ రాబర్ట్‌సన్ ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. ఒక్క ఆట కూడా రద్దు కాకుండా, ఒక్క రోజు జీతం పోకుండా ఆటగాళ్ళు సాధించిన విజయాలలో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు. టెలివిజన్ వెలుగు ఎంత బలమైనదో ఆ రాత్రి ఇరుపక్షాలకూ తెలిసింది.

రాబర్ట్‌సన్ దావా

మరుసటి సంవత్సరం రాబర్ట్‌సన్ సంఘాధ్యక్షుడయ్యాడు. అమెరికాలోని ప్రధాన క్రీడలలో ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడైన తొలి నల్లజాతీయుడు ఇతడే. అప్పటి నియమాల ప్రకారం ఒప్పందం ముగిసినా ఆటగాడిపై జట్టు హక్కు ముగిసేది కాదు. ఆ జట్టు వదిలితే తప్ప అతడు వేరొక జట్టులో చేరలేడు.

1967లో ఏ.బి.ఏ. అనే పోటీ లీగు పుట్టడంతో ఆటగాళ్ళకు తొలిసారి రెండు తలుపులు కనిపించాయి. రెండు లీగులు ఆటగాళ్ళ కోసం పోటీపడటం వలన జీతాలు పెరిగాయి. 1970లో రెండు లీగులు విలీనం కావాలని తలపెట్టాయి. విలీనం జరిగితే రెండవ తలుపు మూసుకొంటుంది కనుక, రాబర్ట్‌సన్ పేరుతో ఆటగాళ్ళు గుత్తాధిపత్య నిరోధక చట్టం క్రింద దావా వేశారు. న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానంలో ఈ దావా విన్న న్యాయమూర్తి రాబర్ట్ కార్టర్ పూర్వం పాఠశాలలలో జాతి వివక్షకు వ్యతిరేకంగా వాదించిన ప్రసిద్ధ పౌరహక్కుల న్యాయవాది.

దావా ఆరేళ్ళు నడిచింది. ఆలోగా రాబర్ట్‌సన్ ఆట నుండి విరమించుకొన్నాడు. 1976లో కుదిరిన రాజీ వలన జట్టు మారే హక్కుకు దారి ఏర్పడింది. నగ్గెట్స్, పేసర్స్, నెట్స్, స్పర్స్ అనే నాలుగు ఏ.బి.ఏ. జట్లు ఎన్.బి.ఏ.లో చేరాయి. ఒప్పందం ముగిసిన ఆటగాడు ఏ ఆటంకమూ లేకుండా కోరిన జట్టుకు వెళ్ళే పూర్తి స్వేచ్ఛ మాత్రం 1988 ఒప్పందంతోనే వచ్చింది. ఆ విధంగా మొదట వెళ్ళినవాడు టామ్ చేంబర్స్, చేరిన జట్టు ఫీనిక్స్ సన్స్.

జీతాల పరిమితి

1980వ దశకం ఆరంభంలో చాలా జట్లు నష్టాలలో ఉండేవి. 1983 మార్చి ఆఖరున, సమ్మె గడువుకు కొద్దిగా ముందు, ఇరుపక్షాలూ ఒక కొత్త తరహా ఒప్పందానికి వచ్చాయి. లీగు ఆదాయంలో 53 శాతం ఆటగాళ్ళకు చెందుతుంది. బదులుగా ప్రతి జట్టు మొత్తం జీతాలకు ఒక పరిమితి ఉంటుంది. 1984–85 సీజనులో ఈ పరిమితి 36 లక్షల డాలర్లు. యజమానుల తరపున ఈ చర్చలలో ముఖ్య పాత్ర వహించిన న్యాయవాది డేవిడ్ స్టెర్న్ 1984 ఫిబ్రవరిలో కమిషనర్ అయ్యారు.

ఇది గట్టి పరిమితి కాదు. జట్టు తన సొంత ఆటగాడిని నిలుపుకొనడానికి పరిమితిని దాటవచ్చును. బాస్టన్ జట్టు ప్రముఖ ఆటగాడి పేరు మీద దీనిని "లారీ బర్డ్ మినహాయింపు" అంటారు. ఈ మినహాయింపు ఆటగాళ్ళకు ప్రాణసమానం. యజమానులకు అదే కంటిలో నలుసు. తరువాతి వివాదాలన్నిటిలోనూ శాతం ఎంత, మినహాయింపులు ఎన్ని అనే రెండు ప్రశ్నలే తిరిగి తిరిగి వచ్చాయి.

1995, 1996 లాకౌట్లు

1994లో డ్రాఫ్ట్‌లో మొదటగా ఎంపికైన గ్లెన్ రాబిన్సన్, ఒక్క ఆటైనా ఆడకముందే 10 సంవత్సరాలకు 6.8 కోట్ల డాలర్ల ఒప్పందం పొందాడు. ఇది యజమానులనే కాక పాత ఆటగాళ్ళను కూడా కలవరపెట్టింది. 1995 జూలై 1న మొదలైన లాకౌటులో అసలు పోరు సంఘం లోపలే జరిగింది. సంఘ నాయకత్వం కుదుర్చుకొన్న ఒప్పందం నచ్చక, మైఖేల్ జోర్డాన్, పాట్రిక్ ఈవింగ్ వంటి తారలు, వారి ఏజెంటు డేవిడ్ ఫాక్‌తో కలిసి సంఘాన్నే రద్దు చేయాలని ప్రయత్నించారు. సెప్టెంబరులో జరిగిన ఓటింగులో 226–134 తేడాతో సంఘమే నిలిచింది. సామాన్య ఆటగాళ్ళకు సీజను ముఖ్యమనిపించింది. ఆటలు నష్టపోలేదు. కొత్త ఆటగాళ్ళ జీతాలకు మాత్రం నిర్ణీత పట్టిక వచ్చింది.

1996 జూలైలో టెలివిజన్ ఆదాయపు లెక్కలపై వచ్చిన లాకౌటు కొన్ని గంటలలోనే ముగిసింది.

1998–99 లాకౌటు

కొత్త ఆటగాళ్ళ జీతాలు తగ్గినా, మొదటి ఒప్పందం ముగియగానే వారి ధర విపరీతంగా పెరిగింది. 1997లో 21 ఏళ్ళ కెవిన్ గార్నెట్‌కు మిన్నెసోటా జట్టు 6 సంవత్సరాలకు 12.6 కోట్ల డాలర్లు ఇవ్వడానికి అంగీకరించింది. ఆటగాళ్ళ వాటా ఆదాయంలో 57 శాతానికి చేరింది. 51.8 శాతం దాటితే ఒప్పందాన్ని తిరగదోడే హక్కు యజమానులకు ఉన్నది. వారు దానిని వినియోగించుకొని, 1998 జూలై 1న లాకౌటు ప్రకటించారు. పరిమితిని గట్టిపరచి, బర్డ్ మినహాయింపును కత్తిరించాలన్నది వారి పట్టు.

ఆటగాళ్ళ పక్షాన కార్యనిర్వాహకుడు బిల్లీ హంటర్, అధ్యక్షుడు పాట్రిక్ ఈవింగ్ చర్చలు నడిపారు. లాకౌటు ఉన్నా ఖరారైన ఒప్పందాల జీతాలు చెల్లించవలసిందేనని సంఘం వాదించగా, అక్టోబరులో మధ్యవర్తి జాన్ ఫీరిక్ యజమానులకు అనుకూలంగా తీర్పు ఇచ్చారు. దానితో ఆటగాళ్ళకు నవంబరు నుండి చెక్కులు ఆగిపోయాయి. శ్రామిక వివాదం వలన లీగు ఆటలు రద్దు కావడం అదే మొదటిసారి.

ఈ చర్చలలో ఒక సంఘటన తరచుగా ప్రస్తావించబడుతుంది. వాషింగ్టన్ జట్టు యజమాని ఏబ్ పోలిన్ తన కష్టనష్టాలు చెప్పుకొంటుండగా, లాభం రానప్పుడు జట్టును అమ్మివేయవచ్చును కదా అని జోర్డాన్ నిలదీశాడు. అదే జోర్డాన్ 2010లో షార్లెట్ జట్టుకు ప్రధాన యజమాని అయ్యాడు. మరుసటి సంవత్సరం లాకౌటులో అతడు పట్టు విడవని చిన్న జట్ల యజమానులలో ఒకడిగా పత్రికలలో పేర్కొనబడ్డాడు. బల్లకు ఏ వైపున కూర్చున్నారన్నదే మాటను నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

జనవరి 7 లోగా ఒప్పందం కుదరకపోతే సీజను మొత్తం రద్దవుతుందని స్టెర్న్ హెచ్చరించారు. 1999 జనవరి 6 తెల్లవారుజామున హంటర్, స్టెర్న్ ఒక అంగీకారానికి వచ్చారు. న్యూయార్క్‌లో సమావేశమైన ఆటగాళ్ళు 179–5 ఓట్లతో దానిని ఆమోదించారు. 204 రోజుల లాకౌటు జనవరి 20న అధికారికంగా ముగిసింది.

ఈ ఒప్పందం వ్యక్తిగత జీతాలకు గరిష్ఠ పరిమితిని తెచ్చింది. అమెరికా ప్రధాన క్రీడలలో ఇటువంటిది ఇదే ప్రథమం. అనుభవాన్ని బట్టి ఆ పరిమితి 90 లక్షలు, 1.1 కోట్లు, 1.4 కోట్ల డాలర్లుగా నిర్ణయించారు. బర్డ్ మినహాయింపు నిలిచింది. కనీస జీతాలు పెరిగాయి. మధ్యస్థాయి ఆటగాళ్ళ కోసం ఒక ప్రత్యేక మినహాయింపు ఏర్పడింది. సంక్షిప్తంగా, తారల జేబు నుండి తీసి కొంత మధ్యతరగతికి పంచినట్లయింది. ఓటు వేసినవారిలో అత్యధికులు ఆ మధ్యతరగతివారే.

ఫిబ్రవరి 5న మొదలైన సీజనులో ఒక్కొక్క జట్టు 82కు బదులు 50 ఆటలే ఆడింది. ఆల్-స్టార్ ఆట రద్దయింది. వరుసగా మూడు రాత్రులు ఆడవలసి రావడంతో, వ్యాయామం తప్పిన ఆటగాళ్ళు చాలా అవస్థపడ్డారు. ఎనిమిదవ స్థానంలో ప్లేఆఫ్‌లకు వచ్చిన న్యూయార్క్ నిక్స్ ఫైనలు వరకు వెళ్ళి శాన్ ఆంటోనియో స్పర్స్ చేతిలో ఓడిపోయింది. జోర్డాన్ జనవరి 13నే ఆట నుండి విరమించుకొన్నట్లు ప్రకటించాడు.

ఈ ఏడు నెలలలో ఎవరి బేరంలోనూ లేని ఒక వర్గం ఉన్నది. స్టేడియంలలో టికెట్లు చింపేవారు, తినుబండారాలు అమ్మేవారు, శుభ్రపరిచేవారు, చుట్టుప్రక్కల హోటళ్ళ సిబ్బంది ఆట జరిగిన రాత్రికే కూలి పొందుతారు. 2011లో కూడా వీరి పరిస్థితి ఇదే. ఒప్పందాల వందలాది పుటలలో పోయిన ఆటలకు వీరికి పరిహారం ఇచ్చే నిబంధన ఏదీ లేదు.

2011 లాకౌటు

2005లో ఏ ఆటంకమూ లేకుండా కుదిరిన ఆరేళ్ళ ఒప్పందం ఆటగాళ్ళకు 57 శాతం వాటా ఇచ్చింది. డ్రాఫ్ట్‌కు కనీస వయస్సు 19 సంవత్సరాలుగా మార్చింది. ఆ ఒప్పందం 2011 జూన్ 30న ముగిసేనాటికి, 30 జట్లలో 22 జట్లు నష్టాలలో ఉన్నాయని, ఆ ఏడాది మొత్తం నష్టం 30 కోట్ల డాలర్లని యజమానులు చెప్పారు. సంఘం ఈ లెక్కలను అంగీకరించలేదు. జట్టు కొనుగోలుకు చేసిన అప్పుల వడ్డీని, కాగితం మీది తరుగుదలను ఆటగాళ్ళ నెత్తిన వేయరాదని, చిన్న జట్ల నష్టాన్ని పెద్ద జట్లు పంచుకోవచ్చునని వాదించింది.

జూలై 1న లాకౌటు మొదలవగానే జట్లకు, ఆటగాళ్ళకు మధ్య మాటలు సైతం నిషేధించబడ్డాయి. లీగు వెబ్‌సైటు నుండి ఆటగాళ్ళ చిత్రాలు తొలగించబడ్డాయి. బహిరంగంగా మాట్లాడిన యజమానులకు కూడా జరిమానాలు పడ్డాయి. ట్విట్టర్‌లో వ్యాఖ్యానించినందుకు మయామీ యజమాని మికీ ఆరిసన్ 5 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. కొందరు ఆటగాళ్ళు విదేశాలకు వెళ్ళారు. డెరాన్ విలియమ్స్ టర్కీలోని బెషిక్తాష్ జట్టులో ఆడాడు.

నవంబరు 14న, యజమానుల చివరి ప్రతిపాదనను తిరస్కరించి, సంఘం తాను ఆటగాళ్ళ ప్రతినిధిగా ఉండటం లేదని ప్రకటించింది. ఆటగాళ్ళు కాలిఫోర్నియా, మిన్నెసోటాలలో గుత్తాధిపత్య నిరోధక చట్టం క్రింద దావాలు వేశారు. అటువంటి దావా గెలిస్తే నష్టపరిహారం మూడు రెట్లు లభిస్తుంది. కానీ తీర్పు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆటగాళ్ళకు అంత కాలం లేదు, యజమానులకు అంత ధైర్యం లేదు. పన్నెండు రోజుల తరువాత, నవంబరు 26న రాజీ కుదిరింది. ఆటగాళ్ళ వాటా సుమారు 49 నుండి 51 శాతానికి తగ్గింది. లీగు ఆదాయం నాడు సుమారు 400 కోట్ల డాలర్లు కనుక, ఈ తగ్గుదల ఏడాదికి 25 కోట్ల డాలర్లకు పైమాటే. యజమానులు చెప్పిన నష్టంలో అధిక భాగం దీనితోనే పూడింది.

లాకౌటు 161 రోజుల తరువాత డిసెంబరు 8న ముగిసి, క్రిస్మస్ నాడు 66 ఆటల సీజను మొదలయింది. తరువాత సంఘంలో అంతర్గత కలహాలు చెలరేగి, 2013లో హంటర్‌ను పదవి నుండి తొలగించారు. 2014లో ఎన్నికైన మిషెల్ రాబర్ట్స్ ఉత్తర అమెరికా ప్రధాన క్రీడలలో ఆటగాళ్ళ సంఘానికి నాయకత్వం వహించిన తొలి మహిళ.

2011 తరువాత

2014లో లీగు తొమ్మిదేళ్ళకు 2,400 కోట్ల డాలర్ల టెలివిజన్ ఒప్పందం చేసుకొన్నది. రాబడి ఒక్కసారిగా రావడం కూడా చిక్కే తెచ్చింది. జీతాల పరిమితి ఒక్క ఏడాదిలో 7 కోట్ల డాలర్ల నుండి 9.41 కోట్లకు ఎగబాకి, 2016 వేసవిలో మామూలు ఆటగాళ్ళు కూడా భారీ ఒప్పందాలు పొందారు. పెంపును అంచెలంచెలుగా చేద్దామని లీగు ముందే సూచించినా సంఘం ఒప్పుకోలేదు. 2023 ఒప్పందంలో మాత్రం ఏడాదికి 10 శాతానికి మించి పెరుగుదల ఉండరాదని ఇరుపక్షాలూ అంగీకరించాయి.

2020 ఆగస్టు 26న, విస్కాన్సిన్ రాష్ట్రంలో జేకబ్ బ్లేక్ అనే నల్లజాతీయునిపై పోలీసులు కాల్పులు జరిపినందుకు నిరసనగా మిల్వాకీ బక్స్ ఆటగాళ్ళు ప్లేఆఫ్ ఆటకు రాలేదు. ఇతర జట్లూ వారిని అనుసరించాయి. ఒప్పందంలో సమ్మె నిషిద్ధమైనా లీగు ఎవరినీ శిక్షించలేదు. వారి డిమాండు జీతం గురించి కాదు, యజమానుల మీద కాదు కనుక దీనిని ఈ వివాదాల జాబితాలో సాధారణంగా చేర్చరు. మూడు రోజులలో ఆటలు తిరిగి మొదలయ్యాయి. స్టేడియంలను ఎన్నికల పోలింగు కేంద్రాలుగా ఇవ్వడానికి యజమానులు ఒప్పుకొన్నారు.

2017, 2023 ఒప్పందాలు రెండూ లాకౌటు లేకుండానే కుదిరాయి. 2024లో డిస్నీ, ఎన్.బి.సి. యూనివర్సల్, అమెజాన్ సంస్థలతో పదకొండేళ్ళకు సుమారు 7,600 కోట్ల డాలర్ల ప్రసార ఒప్పందం కుదిరింది. 2025–26 సీజనులో ఒక్కొక్క జట్టు జీతాల పరిమితి 15.46 కోట్ల డాలర్లు. 2023 ఒప్పందం 2029–30 సీజను వరకు అమలులో ఉంటుంది. 2028–29 తరువాత ఏ పక్షమైనా దాని నుండి తప్పుకోవచ్చును.